పాపికొండలా, కోనసీమా? గోదావరి యాత్రకు ముందు తేల్చుకోవలసినది

గోదావరి చూడాలని బయలుదేరేవారిలో చాలామంది రెండు రోజుల సెలవులోనే పాపికొండల లాంచీ ప్రయాణం, దిండిలో ఒక రాత్రి బస, అంతర్వేదిలో సంగమ స్నానం, దారిలో ద్రాక్షారామ దర్శనం అన్నీ కలిపి ముగించాలని ప్రణాళిక వేసుకుంటారు. పటంలో చూస్తే ఇవన్నీ రాజమహేంద్రవరం చుట్టుపక్కలే ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఆ ఆశ సహజమే. కాని అలా తిరిగివచ్చినవారికి రోడ్డు గుర్తున్నంతగా నది గుర్తుండదు. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన పాపికొండల నడుమ ఉన్న గోదావరి వేరు, దిగువన కోనసీమలో ఉన్న గోదావరి వేరు. నీరు ఒకటే అయినా ఒడ్డున బతికే మనుషులు, వారి పంటలు, పండుగలు, తిండి, చివరకు నదితో వారికి ఉన్న సంబంధం కూడా వేరు. ఒక యాత్రకు ఈ రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఏది ఎవరికి, ఏ నెలలో తగినదో ఇక్కడ వివరిస్తాను.

మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది, కూనవరం వద్ద శబరిని కలుపుకున్న తరువాత తూర్పు కనుమలను చీల్చుకుంటూ ఒక ఇరుకైన లోయలోకి దిగుతుంది. అవే పాపికొండలు. అక్కడ రెండు వైపులా అడవి నిండిన కొండలు నీటి అంచుదాకా దిగివస్తాయి. పొలాలు తక్కువ, ఊళ్లు చిన్నవి. పోలవరం దాటి మైదానంలోకి వచ్చాక నది ఒక్కసారిగా విశాలమవుతుంది. ధవళేశ్వరం వద్ద తూర్పున గౌతమిగా, పడమర వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మరికొంత దిగువన వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ, సముద్రం వరకు పరచుకున్న ఒండ్రునేలే కోనసీమ. 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట, దాని నుంచి బయలుదేరిన కాలువలు ఈ డెల్టా జీవితాన్ని మార్చివేశాయి. నేటికీ ఎన్నో ఊళ్లలో కాటన్ దొర విగ్రహాలు కనిపించడానికి కారణం అదే. కొండల్లో నది తనంతట తానుగా పారుతుంది, డెల్టాలో మనిషి దానిని పంచుకుని వాడుకుంటాడు. మీకు నదిని చూడాలని ఉందా, నది వల్ల ఏర్పడిన ఊళ్లను చూడాలని ఉందా అన్నది ముందుగా తేల్చుకుంటే ఎంపికలో సగం పని అయిపోయినట్టే.

మిగిలిన సగాన్ని నెల నిర్ణయిస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరదల కాలం. ఎర్రనీరు వచ్చిన తరువాత పాపికొండల లాంచీలను ఆపివేస్తారు. వరద తగ్గి, అధికారులు అనుమతి ఇచ్చేదాకా అవి కదలవు. ఆ నెలల్లో పాపికొండల కోసం సెలవు పెట్టుకుని, రైలు టికెట్లు కొనుక్కుని వచ్చేవారు నిరాశతో తిరిగి వెళ్లే అవకాశమే ఎక్కువ. విచిత్రమేమంటే కోనసీమలో అందరూ ఎదురుచూసే పులస చేప దొరికేది సరిగ్గా ఆ రోజుల్లోనే. సముద్రంలో ఉండే ఇలస గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది, ధవళేశ్వరం ఆనకట్ట వరకు పైకి ఈదుతుంది. ఆ ప్రయాణంలోనే దానికి ఆ రుచి వస్తుందని ఇక్కడివారు చెబుతారు. అందుచేత పులస తినడం, పాపికొండలు చూడడం రెండూ ఒకే యాత్రలో కుదరవని ముందే తెలుసుకోవడం మంచిది. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు లాంచీ ప్రయాణానికి అనువైన కాలం. నవంబరులో కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, ఎండ బాధ ఉండదు. కోనసీమకైతే జనవరి, ఫిబ్రవరి నెలలకు సాటి లేదు. దానికి కారణం వాతావరణం కన్నా పండుగలే. ఏప్రిల్, మే నెలలు రెండు చోట్లా కష్టమే. ఉక్కపోతకు అలవాటు లేని పిల్లలను, పెద్దవారిని వెంటబెట్టుకుని ఆ రోజుల్లో రావద్దని చెబుతాను.

పాపికొండలు: వెళ్లదలిస్తే వాయిదా వేయవద్దు

పాపికొండలకు రెండు వైపుల నుంచి వెళ్లవచ్చు. రాజమహేంద్రవరం వైపు నుంచి వెళ్లేవారు దేవీపట్నం మండలంలోని గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కుతారు. ఉదయం బయలుదేరి ఎగువకు వెళ్లి, సాయంత్రానికి తిరిగి వస్తారు. భద్రాచలం వైపు నుంచి వెళ్లేవారు రాములవారి దర్శనం చేసుకుని, రోడ్డు మీద పోచవరం చేరి అక్కడ లాంచీ ఎక్కుతారు. హైదరాబాదు, ఖమ్మం, వరంగల్ నుంచి వచ్చేవారికి, ముఖ్యంగా భద్రాచల యాత్ర కూడా కలిసిరావాలనుకునేవారికి రెండవ దారే మేలు. పోచవరం నుంచి కొండలు త్వరగా దగ్గరవుతాయి కాబట్టి లాంచీలో గడిపే సమయంలో ఎక్కువ భాగం అసలైన లోయలోనే గడుస్తుంది. రాజమహేంద్రవరం వైపు ప్రయాణం పొడవైనది. కాని మైదానపు నది నెమ్మదిగా కొండల మధ్యకు ఎలా చేరుతుందో కళ్లారా చూడగలిగేది ఆ దారిలోనే. తీరిక ఉన్నవారికి ఆ దారినే సూచిస్తాను.

లాంచీలు ఆగే చోట్లలో పేరంటాలపల్లి ముఖ్యమైనది. కొండ మీద నుంచి జాలువారే సెలయేరు పక్కన శివాలయం, ఆశ్రమం ఉన్నాయి. అక్కడ కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు, చిన్న వస్తువులు అమ్ముతారు. లాంచీ సిబ్బంది ఇచ్చే సమయం తక్కువ. ఫొటోలు తీసుకోవడంలోనే ఆ కాస్త సమయమూ గడిపివేయకుండా ఒక బుట్టయినా కొనండి, బేరమాడవద్దు. ఆ వెదురు చీల్చి, అల్లి, ఒడ్డుకు మోసుకువచ్చిన శ్రమకు వారు అడిగే ధర ఎక్కువేమీ కాదు. మనుషులను, ముఖ్యంగా పిల్లలను అడగకుండా ఫొటో తీయకూడదన్నది ఎక్కడైనా పాటించవలసిన మర్యాదే. రోజూ లాంచీల నిండా అపరిచితులు దిగే చోట దానిని మరింత శ్రద్ధగా పాటించాలి.

ఈ కొండల్లో ఉండే కొండరెడ్లు, కోయలు ఒకే సమూహం అన్నట్టు మాట్లాడేవారు ఉన్నారు, అది సరికాదు. కొండరెడ్ల మాట తెలుగే, దానికి తనదైన యాస ఉంది. కోయలకు వేరే భాష ఉంది. కొండరెడ్లు తరతరాలుగా పోడు వ్యవసాయం మీద, అడవి మీద ఆధారపడినవారు. మామిడి టెంకల పిండితో జావ కాచుకోవడం, జీలుగు కల్లు తీయడం వారి జీవనంలో భాగాలు. విత్తనాలు చల్లే ముందు భూమి పండుగ, కొత్తగా కాసిన మామిడిని, చిక్కుడును దేవతకు పెట్టకుండా నోట పెట్టుకోని ఆచారం, ఇవన్నీ అడవితో ముడిపడినవి. ఒక్క పూట లాంచీ ప్రయాణంలో వీటిలో ఏదీ కనిపించదు. గిరిజన జీవనం చూశామని చెప్పుకోవడానికి పాపికొండల ప్రయాణం చాలదు. ఆ ఆసక్తి నిజంగా ఉన్నవారు లాంచీ దిగిన మరునాడు రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లి, అక్కడ ఒక రాత్రి ఉండి, వారపు సంత ఏ రోజు ఏ ఊళ్లో జరుగుతుందో స్థానికులను అడిగి చూడాలి. చింతపండు, కొండచీపుర్లు, తేనె, కూరగాయలు చేతులు మారే ఆ సంతలో ఒక ఉదయం గడిపితే లాంచీ మీద ఒక రోజంతా తిరిగినా తెలియని సంగతులు తెలుస్తాయి. బొంగులో చికెన్ కూడా అక్కడే తినాలి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద కాల్చే ఆ వంట ఇప్పుడు పట్టణాల హోటళ్లలోనూ కనిపిస్తున్నా, పచ్చి వెదురు దగ్గరలోనే దొరికే చోట దాని రుచి వేరు.

ఇక భద్రత. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద ఉధృతిలో ఒక పర్యాటక లాంచీ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ తరువాత చాలాకాలం ప్రయాణాలు నిలిపివేసి, ఆపై నియంత్రణ గదులు, తనిఖీలు ఏర్పాటు చేసి తిరిగి అనుమతించారు. అయినా ప్రయాణికుడు తనవైపు నుంచి చూసుకోవలసినవి ఉన్నాయి. అనుమతి ఉన్న లాంచీకే టికెట్ కొనాలి. లైఫ్ జాకెట్ ఇచ్చిన క్షణం నుంచి దిగేదాకా తీయకూడదు. ఎగువన వాన ఎక్కువగా ఉన్న రోజుల్లో ప్రయాణం రద్దు చేస్తే వాదించకూడదు. లాంచీలో పాటలు, నృత్యాలు పెట్టి అందరినీ ఒకవైపు గుమిగూడనిచ్చే నిర్వాహకుల కంటే, కూర్చోమని గట్టిగా చెప్పే సిబ్బంది ఉన్న లాంచీ మంచిది.

వాయిదా వేయవద్దని శీర్షికలో అన్నందుకు కారణం పోలవరం ప్రాజెక్టు. 2014 విభజన చట్టం దీనిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. కాఫర్ డ్యామ్ (అసలు డ్యామ్ కట్టేందుకు నదికి అడ్డంగా వేసే తాత్కాలిక కట్ట) కట్టినప్పటి నుంచే ఎగువన నీరు నిలవడం మొదలైంది. దేవీపట్నం మండలంలోని ఎన్నో ఒడ్డు గ్రామాలు ఖాళీ అయి, అక్కడివారు పునరావాస కాలనీలకు తరలిపోయారు. జలాశయం నిండిన తరువాత కూడా పాపికొండలు ఉంటాయి, పడవలూ తిరగవచ్చు. కాని అది పారే గోదావరి కాదు, నిలిచిన నీరు. ఆ ఒడ్డున నదిని చూస్తూ పెరిగిన మనుషులు అక్కడ ఉండరు. లక్షల ఎకరాలకు నీరు రావడం అవసరమే. ఆ నీటి కోసం ఊరు వదులుకున్నవారి సంగతి కూడా ఆ దారిన వెళ్లే ప్రతి యాత్రికుడూ తెలుసుకోవాలి. కొండల మధ్య గోదావరిని చూడాలన్న కోరిక ఉన్నవారు కోనసీమను తరువాతి సంవత్సరానికి అట్టిపెట్టుకుని, ముందు దీనిని చూడాలి.

కోనసీమ: తొందరపడితే ఏమీ కనిపించదు

సంస్కృతి కోసం వచ్చేవారికి, ముఖ్యంగా మళ్లీ మళ్లీ రాగలిగినవారికి, కోనసీమే సరైన ఎంపిక. ఇక్కడ ఒక్కసారిగా నోరు తెరిచి చూసే దృశ్యమేదీ లేదు. కొబ్బరితోటలు, కాలువలు, వరిచేలు, అరటి, నది మధ్య లంకలు, ఏటిగట్టు మీద సన్నని రోడ్డు, ప్రతి ఊళ్లో ఒక పాత గుడి. కారులో వేగంగా దాటిపోయేవారికి ఊళ్లన్నీ ఒకేలా అనిపించి మధ్యాహ్నానికే విసుగు పుడుతుంది. అమలాపురంలో గాని, రాజోలు దగ్గర దిండిలో గాని రెండు రాత్రులు బస చేసి, రోజుకు రెండు మూడు చోట్లకు మించకుండా తిరిగితేనే ఈ నేల తనను తాను చూపిస్తుంది.

సంక్రాంతికి రాగలిగితే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని చూడకుండా వెళ్లవద్దు. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి ఈ కొబ్బరితోటలో గుడి లేదు. వెదురుతో కట్టి, రంగురంగుల వస్త్రాలతో అలంకరించిన ఎత్తయిన ప్రభల మీద, చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులను మోసుకువచ్చి ఇక్కడ కలుపుతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువను దాటే ఘట్టం అన్నింటిలోకీ గొప్పది. కాలువ నీటిలో నడుము లోతున దిగిన యువకులు ఆ భారాన్ని భుజాల మీదకు ఎత్తుకుని, చేల మీదుగా తోటలోకి చేరుస్తుంటే రెండు ఒడ్లా జనం కేకలతో తోడు నిలుస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధుల్లో నడిచింది ఈ ఉత్సవమే. అదే రోజుల్లో కోడిపందేల కోసం దూరప్రాంతాల నుంచి ఎంతోమంది వస్తారు. అవి చట్టరీత్యా నిషిద్ధం, పైగా ఆ బరుల దగ్గర గడిపే సమయానికి ప్రభల తీర్థం ముగిసిపోతుంది. పండుగ రోజుల్లో గదులు దొరకడం చాలా కష్టం. నెలల ముందే మాట్లాడుకోవాలి, లేదా రాజమహేంద్రవరంలో గాని కాకినాడలో గాని ఉండి తెల్లవారుజామున బయలుదేరాలి.

సంక్రాంతికి కుదరనివారు మాఘమాసంలో అంతర్వేదికి రావచ్చు. వసిష్ఠ సముద్రంలో కలిసే ఆ చోట లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, రథోత్సవం మరునాడు భీష్మ ఏకాదశినాడు జరుగుతాయి. తీరంలోని మత్స్యకారులకు, ఈ గుడికి ఉన్న అనుబంధం పాతది. ఆ రోజు రథం వెంట నడిచే జనాన్ని చూస్తే అది స్పష్టమవుతుంది. ఉత్సవం లేని రోజుల్లో అంతర్వేది ప్రశాంతంగా ఉంటుంది. నరసాపురం రైలు దిగి, అక్కడి నుంచి పంటు (మనుషులను, బళ్లను దాటించే పెద్ద పడవ) మీద నదిని దాటి సఖినేటిపల్లి చేరే దారిని నేను ఎక్కువగా ఇష్టపడతాను. మోటారుసైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు, పెళ్లికి వెళ్లే కుటుంబాలు అందరూ ఒకే పంటు మీద నిలబడి దాటే ఆ కొద్ది నిమిషాల్లో డెల్టా జీవితం ఎంతో తెలుస్తుంది. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గౌతమి మీద కూడా అటువంటి రేవే ఉంది.

గుడుల విషయంలో ఒక హెచ్చరిక. అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి బాలబాలాజీ, ర్యాలి జగన్మోహిని కేశవస్వామి, మురమళ్ల వీరేశ్వరస్వామి, పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామ భీమేశ్వరుడు, ఇవన్నీ ఒకే రోజులో చూపిస్తామని చెప్పే కారు ప్యాకేజీలు ఉన్నాయి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవారికి అవి సరిపోతాయి. శిల్పం, చరిత్ర మీద ఇష్టం ఉన్నవారు ద్రాక్షారామానికే ఒక పూట కేటాయించి, అక్కడి స్తంభాల మీద, గోడల మీద ఉన్న శాసనాలను నింపాదిగా చూడాలి. శనివారం వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికి ఏడువారాల మొక్కు ఉన్నవారు పెద్ద సంఖ్యలో వస్తారు కాబట్టి రావులపాలెం, ఆత్రేయపురం వైపు ఆ రోజు వెళ్లకపోవడమే మంచిది. ఆత్రేయపురంలో చూడవలసినది వారంలో ఏ రోజైనా కనిపిస్తుంది: బోర్లించిన ప్రత్యేకమైన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యప్పిండి నీటిలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్కసారి లాగి, ఊపిరికి కూడా కదిలే పూతరేకును తీసే మహిళల నేర్పు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. దుకాణంలో పెట్టె కొనడం కంటే, రేకు తీసే ఇంటికి వెళ్లి, అనుమతి అడిగి చూసి, వారి దగ్గరే కొనడం నాకు న్యాయంగా తోస్తుంది.

తిండి కోసం వచ్చేవారికి కోనసీమకు పోటీ లేదు. అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలు, పెళ్లిళ్లలో పనసపొట్టు కూర, కంద బచ్చలి, చలికాలంలో తేగలు వెతుక్కుని మరీ తినాలి. పులస గురించి మాత్రం జాగ్రత్త అవసరం. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న మాట విని వచ్చినవారికి వేరే రాష్ట్రాల నుంచి తెచ్చిన ఇలసను పులస పేరుతో అమ్మడం ఉంది. గోదావరిలో పట్టిన పులస కిలో వేల రూపాయలు పలుకుతుంది. తక్కువ ధరకు ఇస్తామంటే అది పులస కాదనే అనుకోవాలి. తెలిసినవారి ద్వారా యానాం గాని, రేవుల దగ్గర గాని కొని, మట్టిదాకలో వండించుకోవడమే నమ్మదగిన మార్గం. వరద మరీ పెరిగితే లంక గ్రామాలకు దారులు మునిగిపోతాయి, అక్కడివారు పడవల మీద తిరుగుతూ అవస్థ పడుతుంటారు. ఆ రోజుల్లో వరద చూడడానికని వెళ్లి వారికి అడ్డు కావద్దు.

దిండిలో హౌస్‌బోట్లు ఉన్నాయి. కేరళను మనసులో పెట్టుకుని వచ్చేవారికి అవి చిన్నవిగా, ప్రయాణం పొట్టిగా అనిపించవచ్చు. కుటుంబంతో ఒక సాయంత్రం నీటి మీద గడపడానికి అవి బాగానే ఉంటాయి; యాత్ర అంతటినీ వాటి చుట్టూ అల్లుకోవలసిన అవసరం లేదు.

మూడవ దారి

ఈ రెండింటికీ తగినంత సమయం లేనివారు, ఒక్క రోజే చేతిలో ఉన్నవారు రాజమహేంద్రవరంలోనే ఉండిపోవడం ఉత్తమం. 1900లో రైళ్లకు తెరిచి 1997లో విశ్రాంతి ఇచ్చిన హేవలాక్ వంతెనను, దాని పక్కనే నేటి ఆర్చి వంతెనను గట్టు మీద నుంచి చూడవచ్చు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, ఊళ్లో కందుకూరి వీరేశలింగం ఇల్లు, చిన్న వయసులోనే కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాల, సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి, ఇవన్నీ హడావుడి లేకుండా ఒక రోజులో పడతాయి. పక్షులు, అడవులు ఇష్టమైనవారు కాకినాడ వైపు వెళ్లి కోరింగ అభయారణ్యంలో మడ అడవుల మధ్య కట్టిన చెక్కబాట మీద నడవవచ్చు. బావురుపిల్లికి ఆశ్రయమైన అడవి అది. ఉదయం పూట, ఆటుపోట్ల వేళ కనుక్కుని వెళితే పడవ ప్రయాణం కూడా కుదురుతుంది.

మూడు రోజులు ఉన్న కుటుంబానికి, పిల్లలు పదేళ్లు దాటినవారైతే, నవంబరులో పాపికొండలు, మారేడుమిల్లి కలిపి సూచిస్తాను. వయసు మళ్లిన తల్లిదండ్రులతో వచ్చేవారికి లాంచీ ఎక్కి దిగే మెట్లు, ఒడ్డున ఇసుకలో నడక ఇబ్బంది పెడతాయి కాబట్టి కోనసీమే తగినది. విదేశాల నుంచి డిసెంబరు సెలవులకు వచ్చే తెలుగువారు, వీలైతే తిరుగు ప్రయాణాన్ని కనుమ తరువాతికి జరుపుకుని జగ్గన్నతోట చూసి వెళ్లాలి. 2027లో రావాలనుకునేవారికి మరొక మాట: 2015 తరువాత మళ్లీ ఆ ఏడాదే గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజుల్లో రాజమహేంద్రవరం గాని, చుట్టుపక్కల రోడ్లు గాని పర్యటనకు అనుకూలంగా ఉండవు. 2015లో మొదటి రోజునే పుష్కర ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. పుణ్యస్నానమే కోరుకునేవారు మొదటి రోజు, చివరి రోజు తప్పించుకుని, కోటిపల్లి, పట్టిసీమ, అంతర్వేది వంటి రేవుల్లో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని కనుక్కుని వెళ్లాలి. ఊళ్లు, కొండలు చూడాలనుకునేవారు పుష్కరాలు, వరదలు రెండూ గడిచాక నవంబరుకు టికెట్లు తీసుకోవాలి.